బోర్లించిన అరచేతులు

గుమ్మం ముందు గొర్రె తలకాయ పెట్టి ఉంది.

పాలు పితకడానికి బకెట్టు పట్టుకుని బయటికొచ్చిన సాల్కినాయ్ అడుగు వేయబోయి ఆగిపోయింది. బొచ్చు కాల్చి, శుభ్రంగా గీకి, ఉడకబెట్టిన తలకాయ. విందులో పెద్దమనిషి ముందు ఎలా పెడతారో అలాగే పళ్ళెంలో, మూతి ఇంటివైపు తిప్పి పెట్టారు. పెట్టినవాళ్ళెవరో పద్ధతి తెలిసినవాళ్ళే. అవమానించడంలో కూడా మర్యాద తప్పలేదు మహానుభావులు.

కంపెనీవాళ్ళ విందులో తలకాయ తిన్నావుగా, ఇది కూడా తిను అని ఊరు తన మామగారి మొహం మీద అన్నట్టే తోచింది ఆమెకి. ఆ విందు అయిన దగ్గర్నుంచి తాష్‌కోరో లోయలో జుమాదిల్ పెద్దాయనకి ఎదురుపడి సలాం చెప్పినవాడు లేడు. నిన్నమొన్నటిదాకా ఆయన దీవెన లేకుండా పెళ్ళిపందిట్లో ముద్ద ఎత్తనివాళ్ళు, ఇప్పుడు ఆయన్ని చూసి గుర్రాన్ని పక్క దారికి తిప్పుకుంటున్నారు.

ఆమె వంగి పళ్ళెం ఎత్తింది. అప్పుడు కనబడింది చెవి.

ఎడమ చెవి కొసన పక్కపక్కనే రెండు గాట్లు. ఆ గాట్లు ఎవరి మందవో సాల్కినాయ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు గొర్రెపిల్లల్ని ఆమె ఒళ్ళో అదిమి పట్టుకుంటే వాళ్ళ నాన్న కత్తితో వేసిన గాట్లు అవి. నాన్న పోయాక అన్నయ్య కుబాత్ వేస్తున్నాడు.

ఊరు చేసిందంటే ఊరి నోరు మూయలేం అని సరిపెట్టుకోవచ్చు. సొంత అన్నయ్యే చెల్లెలి అత్తింటి గుమ్మంలో ఈ పని చేస్తే, ఏ మొహం పెట్టుకుని లోపలికెళ్ళి మామగారికి టీ పోస్తుంది?

అటూ ఇటూ చూసింది. ఎండు పిడకల గుట్ట దగ్గరికి పరుగున వెళ్ళి, నాలుగు పిడకలు తీసి, తలకాయని లోపలికి తోసి మళ్ళీ కప్పేసింది. పళ్ళెం మాత్రం కడిగి అరుగు మీద బోర్లించింది. కట్టేసిన కుక్క ఇదంతా చూసి ఒకసారి మొరిగింది. దాన్ని కసిరి పాకలోకి నడిచింది.

ఇంట్లో తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూచుని ఉన్నారు. మధ్యలో బల్లమీద రొట్టె ఉంది, వెన్న ఉంది, నేతిలో వేయించిన బూరెలున్నాయి. మాట మాత్రం లేదు.

ఎర్మెక్ కంపెనీ ఇచ్చిన నారింజరంగు కోటు అప్పటికే వేసుకున్నాడు. ఆ కోటు ఇంట్లో వేసుకోవద్దని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. దాన్ని చూస్తే పెద్దాయన కళ్ళు కిందికి దించేసుకుంటాడు.

"తిను నాన్నా," అన్నాడు ఎర్మెక్.

"ఆకలి లేదు."

"నిన్న కూడా లేదన్నావు. ఎవరి మీద అలక? అలిగితే ఊరి మీద అలుగు. రొట్టేం చేసింది?"

"నా నోటి మీద అలిగాను రా," అన్నాడు జుమాదిల్. "మేత వెయ్యకుండా మాడ్చేస్తే బుద్ధొస్తుందేమోనని."

సాల్కినాయ్ గిన్నెలో సగానికి టీ పోసి రెండు చేతులతో ఆయనకి అందించింది. నిండుగా పోస్తే తాగి వెళ్ళిపొమ్మన్నట్టు, సగం పోస్తే ఇంకాసేపు కూచోమన్నట్టు. ఈ మధ్య ఆమె మరీ తక్కువగా పోస్తోంది.

పాపం, ఆయన తప్పు మాత్రం ఏముంది? సరిహద్దు అవతలి కంపెనీవాళ్ళు తెల్లటి గుడారం వేశారు, గొర్రెల్ని కోశారు, అందరికంటే పెద్దవాడని తలకాయ ఆయన ముందు పెట్టారు. వ్యాపార నగరం కడతామన్నారు, దుకాణాలన్నారు, గోదాములన్నారు. రోడ్డు పక్కనున్న రాళ్ళమిట్ట మీదే కదా అనుకున్నాడు ఆయన, అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. తిన్నాక అరచేతులు ఎత్తాడు. ఉప్పు తిన్నచోట చేతులు ఎత్తకుండా లేచిన మనిషి ఆ లోయలో పుట్టలేదు. ఈ చోటు జనంతో కళకళలాడాలి, ఇక్కడికొచ్చినవాళ్ళ కడుపు నిండాలి, ఇక్కడ పొయ్యి ఆరకూడదు అన్నాడు. పేరంటానికైనా పురుటికైనా ఆయన అనే మాటలే. జనమంతా ఆమీన్ అని మొహం తుడుచుకున్నారు. ఆ తర్వాత బోర్డు మీది ముసుగు తీశారు. బొమ్మలో గోదాములు రాళ్ళమిట్ట మీద లేవు. లోయలో మందలన్నీ చలికాలమంతా మేసే పచ్చిక బీడు మీద, వరసగా ఉన్నాయి.

ఇప్పుడు కంపెనీవాళ్ళు ఎక్కడికెళ్ళినా ఫోను తీసి ఆ దీవెనే చూపిస్తున్నారు. మీ పెద్దాయనే చేతులెత్తాడు కదా అంటున్నారు. పెద్దాయన దీవించిన పనికి అడ్డం నిలబడటానికి ఊళ్ళో సగంమందికి కాళ్ళు రావడంలేదు.

"ఇవాళ ఒక్కరోజు ఆ యంత్రం ఎక్కకు," అన్నాడు జుమాదిల్ గిన్నె కింద పెట్టి.

"ఏం, ఇవాళేముంది?"

పెద్దాయన కింద పెట్టిన గిన్నెని వేళ్ళతో తిప్పాడు.

"ఏముందో నేను చెప్పనా? ఊరు ఎంత దాచినా పనిచోట కూలీలకి తెలిసిపోయింది. ఇవాళ మధ్యాహ్నం నమాజు కాగానే ఊరంతా వస్తుంది. నిన్ను గుర్రం మీద కూచోబెట్టి బీడుకి తీసుకెళ్తారు. చేతులు బోర్లించమంటారు. అంతేనా?"

"అంతే."

"బోర్లిస్తావా?"

సాల్కినాయ్ చేతిలో కెటిల్ ఆగిపోయింది. ఎత్తిన చేతుల దీవెన అందరూ చూసిందే. బోర్లించిన చేతుల శాపం మాత్రం విన్నవాళ్ళే తప్ప చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. అది మనిషిని ఏరుకోదని, ఆ నేల మీద ఎవరు పనిలో ఉంటే వాళ్ళ మీద పడుతుందని మాత్రం అందరికీ తెలుసు. ఆ నేల మీద ఇప్పుడు మట్టి తోసే పెద్ద యంత్రం నడుపుతున్నది ఎవరు? ఈ ఇంటి కడగొట్టు కొడుకు, ఆమె మొగుడు.

"నువ్వు దిగిపోతే చాలు," అన్నాడు పెద్దాయన. "నువ్వు లేకపోతే నాకు భయంలేదు."

"దిగితే? రేపు ఇంకొకడెక్కుతాడు. నేను మళ్ళీ మాస్కో రైలెక్కుతాను. వెళ్ళమంటావా?" ఎర్మెక్ గొంతు పెరిగింది. "అక్కడ ఎవడెవడి గుమ్మాల్లోనో మంచు ఊడ్చాను నాన్నా. అమ్మని మట్టిలో పెడుతుంటే ఫోన్లో చూశాను. అది కూడా సరిగ్గా కనపళ్ళేదు, మధ్యలో ఆగిపోయింది. ఇవాళ నీ ఎదురుగా కూచుని రొట్టె తింటున్నానంటే ఆ యంత్రం పుణ్యమే. దాన్ని నువ్వు శపిస్తావా?"

"ఆ అమ్మ పెంచిన మంద ఎక్కడ మేసింది రా?"

"మంద, మంద! మందలున్నవాళ్ళకి బీడు కావాలి. మనకెన్ని గొర్రెలున్నాయి? నా బావమరిది కుబాత్‌కి కావాలి." అతను భార్యవైపు చూశాడు. "అడుగు నీ కోడల్ని. వాళ్ళన్నయ్యేగా గుర్రాలన్నిటికీ ముందు నడిచేది."

"ఆ పిల్లనేమీ అనకు," అన్నాడు జుమాదిల్.

"నేనేమన్నాను? ఉన్నమాటేగా!"

సాల్కినాయ్ తల ఎత్తలేదు. పిడకల కింద దాచిన చెవి గుర్తొచ్చింది. అప్పుడే చెప్పేసినా బాగుండేది. చెప్పలేకపోయింది.

ఎర్మెక్ విసురుగా లేచి బయటికెళ్ళాడు. వెంటనే అతని కేక వినబడింది.

"ఒసే, ఇటు రా!"

ఆమె వెళ్ళేసరికి తాడు తెంచుకున్న కుక్క పిడకల గుట్ట పక్కన పడుకుని ఉంది. దాని ముందుకాళ్ళ మధ్య తలకాయ ఉంది. ఎర్మెక్ దాన్ని లాక్కుని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటిది?"

"ఏమో... ఎక్కణ్ణుంచో తెచ్చుకుంది కాబోలు."

"పిడకల మీద పిడక పేర్చి దాచుకుంటుందా కుక్క?"

అతను తలకాయని తిప్పి చెవి చూశాడు. చాలాసేపు చూశాడు. పెళ్ళికి ఆమె పుట్టింటివాళ్ళు తోలిన గొర్రెలకి కూడా ఆ గాట్లే ఉన్నాయి.

"ఇది ఎక్కడ పెట్టారు?"

"గుమ్మంలో."

"మా నాన్న గుమ్మంలో మీ అన్నయ్య తలకాయ పెట్టాడు. నువ్వు చూసి, ఎత్తి దాచి, చేతులు కడుక్కుని మాకు టీ పోశావు. అంతేనా?"

"మామయ్య చూస్తే తట్టుకోలేడని..."

"మామయ్య కోసమా? అన్నయ్య కోసమా?"

నిజం చెప్పాలంటే ఎవరికోసం దాచిందో ఆమెకీ తెలియదు. అతను మాత్రం ఆ మౌనానికి తనకి తోచిన అర్థమే చెప్పుకున్నాడు. తలకాయని కుక్క ముందు పడేసి, చేతులు కోటుకి తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి గుర్రాల గిట్టల చప్పుడు వినబడింది. ఊరి మగవాళ్ళంతా దూరంగా వీధి మలుపులోనే ఆగారు. కుబాత్ ఒక్కడే జీను వేసిన ఇంకో గుర్రాన్ని నడిపించుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పెద్దాయన లోపల నమాజులో ఉన్నాడు.

"చెల్లాయ్," అన్నాడు కుబాత్ మెల్లగా.

"ఆ పిలుపు పిలవకు నన్ను. తలకాయ పెట్టిపోయే ఇంట్లో నీకు చెల్లెలెవరు?"

"చూశావు కదా? చెవి చూశావు కదా? మరి బావని ఆపావా?"

ఆమెకి అర్థం కాలేదు. "ఆపడమేంటి?"

"ఓరి దేవుడా!" కుబాత్ టోపీ తీసి తల పట్టుకున్నాడు. "అది మామకి కాదే, నీకు. ఇవాళే పెద్దాయన చేత చేతులు బోర్లించాలని నిన్న ఊరంతా ఒట్టు వేసుకుంది. పెద్దాయనకి తప్ప ఎవరికీ ముందుగా చెప్పకూడదన్నారు. నేను నీతో మాట్లాడితే, చెల్లెలి మొగుణ్ణి కాపాడుకున్నాడని నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు. అందుకని మన గాటున్న తలకాయ పెట్టాను. చూడగానే అన్నయ్య ఏదో చెబుతున్నాడు, ఇవాళే ఏదో ఉంది, ఈయన్ని ఇల్లు కదలనివ్వకూడదు అనుకుంటావని."

"ఉడకబెట్టిన తలకాయ చెబితే నాకు అర్థమవుతుందా అన్నయ్యా? నీకు నోరు లేదా?" ఆమెకి ఏడుపొచ్చింది. "నేను తిట్టావనుకున్నాను. దాచాను. ఆయనేమో ఇవాళ మీరొస్తారని ముందే తెలిసి కూడా, నేను నీ పక్షమనుకుని వెళ్ళిపోయాడు. నా సంసారం మీద నువ్వే పిడుగు వేశావు."

"అయ్యో, నేను..."

"వెనక్కి వెళ్ళమని చెప్పు వాళ్ళకి. ఇవాళ కాదని చెప్పు."

కుబాత్ వీధి మలుపువైపు చూశాడు. "వినరు. మందలు కొండ దిగేశాయి. కొండ కొసన అప్పుడే తెల్లబడింది, నీకు కనబడటంలా? బీడు మీద మట్టి పోసేస్తే ఈ చలికాలం మంద మొత్తం చస్తుంది. నాదొక్కడిదే కాదు, అందరిదీ. కంపెనీవాడి కాళ్ళు పట్టుకున్నాం, ఆఫీసర్ల కాళ్ళు పట్టుకున్నాం. ఎవరైనా చూపించేది మీ మామ చేతులే. ఆయన ఎత్తినవి ఆయనే దించాలి."

లోపల్నుంచి పెద్దాయన పిలిచాడు. "తల్లీ, నీళ్ళు తీసుకురా."

ఆమె కళ్ళు తుడుచుకుని చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు తీసుకెళ్ళింది. జుమాదిల్ తెల్ల ఊలు టోపీ పెట్టుకుని, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని కూచున్నాడు. ఆమె నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కున్నాడు.

"వాడు ఎక్కాడా?"

"ఎక్కాడు మామయ్యా."

"ఊఁ." తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "నువ్వు ఈ ఇంటికొచ్చాక నేను నిన్ను ఎప్పుడూ సలహా అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నా స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు?"

ఆమె నేల మీద కూలబడిపోయింది. "నాకు బీడు వద్దు మామయ్యా. మా అన్నయ్య మంద చచ్చినా సరే. పాపమే, తెలుసు. కానీ ఆయన్ని మాత్రం..."

"అదే నేననుకున్నది," అన్నాడు జుమాదిల్. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఆయనే లేచి, కుబాత్ చెయ్యి పట్టుకోబోతే వద్దని, తనంత తానే గుర్రమెక్కాడు.

బీడు దగ్గర గాలి ఈడ్చి కొడుతోంది. ఎత్తుగా ఉన్న చోట జనం నిలబడ్డారు. కింద, పచ్చికకి హద్దుగా సున్నం పూసి పెట్టిన రాళ్ళ వరస అవతల, పసుపురంగు యంత్రం మట్టిని కుప్పలుగా తోస్తోంది. రాళ్ళకి ఇవతల ఇంకా గడ్డి ఉంది. జనాన్ని చూసి యంత్రం ఆగింది. అద్దాల గదిలో నారింజరంగు కోటు కనబడుతోంది. మొహం కనబడటంలేదు.

జుమాదిల్ గుర్రం దిగి నాలుగడుగులు ముందుకు నడిచాడు. గుర్రాల వెనకాలే నడిచొచ్చిన సాల్కినాయ్ ఊరి ఆడవాళ్ళందరికీ వెనక నిలబడింది.

ఆయన చేతులు చాచాడు. అరచేతులు కాసేపు ఆకాశాన్నే చూశాయి. ఎవరూ దగ్గలేదు కూడా. తర్వాత ఆ చేతులు మెల్లగా తిరిగి నేలవైపు బోర్లపడ్డాయి.

"నా నోట తప్పుడు దీవెన వచ్చింది," అన్నాడు. గొంతు పెద్దదేమీ కాదు, అక్కడున్నవాళ్ళకి మాత్రం వినబడింది. "దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకున్నందుకు పడాల్సిన శాపం జుమాదిల్ ఒక్కడి మీదే పడాలి. నా కొడుకు మీద వద్దు, నా కోడలి మీద వద్దు, పొట్టకోసం వచ్చిన ఏ కూలీ మీదా వద్దు. ఈ గడ్డి మీద మంచు పడటం నా కళ్ళు చూడకూడదు."

సాల్కినాయ్‌కి కొండ కొసన అప్పుడే పడ్డ మంచు కనబడింది.

ఆమీన్ అంటే ఆ మాట పూర్తవుతుంది, దీవెన వెనక్కి పోతుంది, శాపం ఆయన మీద పడుతుంది. అనకపోతే గాలికి పోతుంది. ఒక్కరూ అనలేదు. ఆయన్ని గుర్రం మీద ఎక్కించి తెచ్చిన మగవాళ్ళంతా బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. కుబాత్ మొహం పాలిపోయింది.

"ఏం రా, మాట్లాడరేం?" అన్నాడు పెద్దాయన, చేతులు అలాగే బోర్లించి ఉంచి. "మీరు అడిగిందేగా ఇస్తున్నాను."

కింద యంత్రం ఒక్కసారి రొద చేసింది. అప్పుడు వెలిగింది సాల్కినాయ్‌కి. అద్దాల గదిలో ఉన్న మనిషికి ఈ మాటల్లో ఒక్కటీ వినబడలేదు. కనబడింది చేతులు మాత్రమే.

ఆమె తలగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా వాలులో పరుగెత్తింది. మామగారు వింటుండగా మొగుడి పేరు ఎత్తకూడదనే నియమం కూడా మరిచిపోయింది.

"ఎర్మెక్! ఎర్మెక్!"

అతను తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూశాను," అన్నాడు. "మా నాన్న నన్ను చూస్తూనే బోర్లించాడు."

"నిన్ను కాదు! తనమీద తనే వేసుకున్నాడు. నా కొడుకు మీద వద్దన్నాడు. నా చెవులతో విన్నాను. ఒట్టు!"

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"పొద్దున కుక్క తెచ్చుకుందని చెప్పింది కూడా నువ్వేగా?"

"అది వేరు..."

"తలకాయ దాచిన దానివి. ఇప్పుడు ఇంకేం దాస్తున్నావో నాకేం తెలుసు? మీ అన్నయ్యేం చెప్పి పంపించాడు? నన్ను దింపెయ్యమన్నాడా?"

"నామీద నమ్మకం లేకపోతే వచ్చి ఆయన్నే అడుగు. ఒక్కసారి దిగు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"దిగి ఎక్కడికి రాను? నన్ను కన్నవాడే వద్దనుకున్నాక నాకు ఇల్లెక్కడుంది?"

తలుపు మూసుకున్నాడు. ఆమె రెండు చేతులతో ఆ ఇనుప తలుపుని బాదింది. యంత్రం కదిలేసరికి వెనక్కి తూలి మట్టిలో పడింది. లేచేలోపే అది సున్నం రాళ్ళని దాటేసింది. ముందున్న ఇనుప పలక పచ్చిక మీద దిగి, గడ్డిని వేళ్ళతో సహా చాపలా చుట్టుకుంటూ పోయింది.

పైన జనంలో గోల లేచింది. ఎవరో బావురుమన్నారు. ఎవరో వాణ్ణి ఆపండ్రా అని అరిచారు. జుమాదిల్ మాత్రం ఉన్నచోటే నిలబడి ఉన్నాడు. చేతులు ఇంకా బోర్లించే ఉన్నాయి.

ఆ గోలలోంచి ఒక గొంతు గట్టిగా, ఏడుస్తూ అంది.

"ఆమీన్!"

ఎవరు అన్నారో చూడటానికి సాల్కినాయ్ తల తిప్పలేదు. చిన్నప్పుడు గొర్రెపిల్ల కదలకుండా పట్టుకోవే చెల్లాయ్ అని తనకి చెప్పిన గొంతే అది.

ఆ వెనకాలే ఊరంతా అంది.